ఒక గాటు, నాలుగు గాట్లు: గువ్వల వేటలో చోక్ ఎంపిక మీద ఒక కేసు

సెప్టెంబరు మొదటి వారంలో ఒక రాత్రి ఫోనొచ్చింది. “అన్నా, మూడు పెట్టెలు కాల్చినా. చేతికొచ్చినవి నాలుగు పిట్టలు. ఈ తుపాకీ నాకు కలిసిరాలా, అమ్మేస్తా.”

నెల్లూరు జిల్లా కుర్రాడు. డల్లాస్ పక్కన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అంతకు ముందు ఏడాది నా దగ్గరే హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పూర్తి చేశాడు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట ముగిసిపోయింది కాబట్టి, మనవాళ్లలో చాలామంది తుపాకీ పట్టడం ఇక్కడికి వచ్చాకే. హెచ్1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ చట్టం తుపాకీ ఉంచుకోవడాన్నే నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఆ నిషేధానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి. ఈ కుర్రాడు ఆ విషయంలో పక్కా. కాగితాలన్నీ సరిగా ఉన్నాయి, తుపాకీ జాగ్రత్తలూ తెలుసు. చిక్కు వేరేచోట ఉంది.

మూడు పెట్టెలంటే 75 తూటాలు. డవ్ వేటకు కొత్తగా వచ్చినవాళ్లకు ఇది మరీ వింతేమీ కాదు. గంటకు 40, 50 మైళ్ల వేగంతో మలుపులు తిరుగుతూ పోయే గువ్వ అది. అందుకే తూటాల లెక్క పక్కన పెట్టి ఇంకోటి అడిగాను. “పడ్డవెన్ని? దొరికినవెన్ని?”

కాసేపు మాట లేదు. “ఆరు పడ్డాయన్నా. రెండు గడ్డిలోకి దూరిపోయాయి. చీకటి పడేదాకా వెతికినా, దొరకలా. దొరికినవాటిలో రెండు కూరకు కూడా పనికిరాలా. జల్లెడైపోయినాయి.”

అక్కడే నాకు అనుమానం తగిలింది. గురి కుదరనివాడికి పిట్ట తప్పిపోతుంది, అంతే. కానీ తగిలిన కాసినిట్లో కొన్ని జల్లెడై, కొన్ని రెక్క విరిగి పారిపోతున్నాయంటే, గుండ్లు ముద్దగా పోతున్నాయని అర్థం. ముద్ద నడుమ చిక్కిన పిట్ట చిల్లులు పడుతుంది. అంచున ఒకే ఒక గుండు తాకిన పిట్ట ప్రాణంతో గడ్డిలోకి పోయి, ఏ రాత్రికో చస్తుంది. దొరకని ఆ రెండు పిట్టలే నాకు ఈ కేసు. ఆ నాలుగు కాదు.

చోక్ అంటే ఏమిటో అతనికి ఎలా చెప్పానో ఇక్కడ చెప్పడం మంచిది. షాట్‌గన్ తూటాలో ఒక గుండు ఉండదు, వందల సన్నగుండ్లు ఉంటాయి. బారెల్ చివరి రెండు మూడు అంగుళాల్లో గొట్టాన్ని వెంట్రుకవాసి ఇరుకు చేస్తారు. ఎంత ఇరుకైతే గుండ్లు అంత దూరం కలిసిపోతాయి, ఎంత వదులైతే అంత త్వరగా విచ్చుకుంటాయి. పులికాట్‌లో విసురువల వేసేవాళ్లను వీడు చిన్నప్పటి నుంచి చూశాడు. వల నీళ్లను తాకే క్షణానికి పూర్తిగా విచ్చుకుని ఉండాలి. చేపలు పడవ పక్కనే ఉంటే పది బారల దూరానికి విసిరే విసురు పనికిరాదు, మడత విప్పుకోకముందే వల నీళ్లలో పడుతుంది. “నీ వల మడత విప్పుకోవట్లేదేమో చూద్దాం, శనివారం రా” అన్నాను.

తుపాకీ బల్ల మీద

తెచ్చింది 12 గేజ్ ఓవర్ అండర్. గేజ్ అంటే గొట్టం వెడల్పు కొలత. ఒకదాని మీద ఒకటి రెండు బారెళ్లు, 28 అంగుళాల పొడవు, మరతో బిగించే చోక్ ట్యూబులు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. దాంతోపాటు కొన్ని ట్యూబులు వచ్చాయి, పుస్తకం రాలేదు.

“ఏ చోక్ వేసుకుని పోయావు?”

“కింద బారెల్లో అన్నిటికంటే లూజుది అన్నా, ఒక గాటుది. పైదానిలో దాని తర్వాతిది, రెండు గాట్లది. మొదటి దెబ్బకి వదులు, రెండో దెబ్బకి కొంచెం బిగువు. అంతేగదా?”

సూత్రం సరైందే. మొదటి దెబ్బకు పిట్ట దగ్గరగా ఉంటుంది, రెండో దెబ్బకు దూరమవుతుంది. కానీ ఆ గాట్లు చదివే తీరు తలకిందులు. ట్యూబు అంచున గాట్లు పెట్టే చాలా తుపాకుల్లో ఒక గాటు అంటే ఫుల్, అన్నిటికంటే ఇరుకు. రెండు ఇంప్రూవ్డ్ మాడిఫైడ్, మూడు మాడిఫైడ్, నాలుగు ఇంప్రూవ్డ్ సిలిండర్, అయిదు గాట్లు సిలిండర్, అంటే ఇరుకే లేనిది. గాటు తగ్గేకొద్దీ బిగువు పెరుగుతుంది. అంకె పెరిగితే బిగువు పెరుగుతుందనుకోవడం ఎవరికైనా సహజమే. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఈ పొరపాటు చేసింది ఇతనొక్కడే కాదు. తుపాకీ తయారీదారును బట్టి గుర్తులు మారతాయి కూడా, అందుకే నేను గాట్లనూ నమ్మను, పేర్లనూ నమ్మను. గొట్టం లోపలి వ్యాసం కొలిచే బోర్ గేజ్ పెట్టి చూస్తాను.

తుపాకీ ఖాళీ అని ఇద్దరం చూసుకున్నాక కొలిచాం. బారెల్ లోపలి వ్యాసం 0.725 అంగుళం. ఒక గాటు ట్యూబు 0.688. తేడా 0.037, నిఖార్సైన ఫుల్. మూడు గాట్లది 0.703, అంటే 0.022 ఇరుకు. నాలుగు గాట్లది 0.716, అంటే 0.009. మొత్తం ఆట అంగుళంలో వెయ్యోవంతుల్లోనే ఉంది. గేజ్ మీద అంకె చూసి కుర్రాడు ట్యూబు వెనక్కి తీసుకుని, గోటితో ఆ ఒక్క గాటును అలా తడుముతూ నిలబడిపోయాడు.

కాగితం

నాలుగు అడుగుల వెడల్పు బ్రౌన్ పేపర్ రోల్, చెక్క ఫ్రేము, స్టేప్లర్, 30 అంగుళాల వృత్తం గీయడానికి ఒక తాడు ముక్క, మార్కర్. ప్యాటర్న్, అంటే గుండ్లు పరుచుకునే తీరు, చూడడానికి ఇంతకంటే అక్కర్లేదు. కాగితం నడుమ ఒక చుక్క పెట్టి, 40 గజాల నుంచి దాని మీదికి ఒక దెబ్బ కొట్టాలి. తర్వాత గుండ్లు దట్టంగా పడ్డచోటు చూసుకుని, దాని చుట్టూ వృత్తం గీసి, లోపల పడ్డ చిల్లులు లెక్కపెట్టాలి. ముందే గీసిన వృత్తంలోకి కాల్చకూడదు. అప్పుడు నీ గురి తప్పును చోక్ ఖాతాలో రాస్తావు.

ఇదంతా అతను వేటలో వాడిన తూటాతోనే చేయాలి. ఔన్సుంబావు కంటే కాస్త తక్కువ, అంటే 1⅛ ఔన్సు, ఏడున్నర నంబరు సీసపు గుండ్లు. నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది. ఒక తూటా కోసి, పళ్లెంలో పోసి లెక్కపెట్టించాను. 391. పట్టికల ప్రకారం 394 ఉండాలి, దగ్గరే. ఈ లెక్క ప్రతి ఒక్కరూ జీవితంలో ఒక్కసారైనా చేయాలంటాను. ఆవగింజలకంటే కాస్త పెద్దవైన ఆ గుండ్లను వేలితో పదులుగా జరుపుతుంటే, ఒక్కో దెబ్బతో గాల్లోకి ఎంత వదులుతున్నామో చేతికి తెలుస్తుంది.

ఒక్కో ట్యూబుతో అయిదేసి దెబ్బలు, అయిదేసి కాగితాలు. ఒక్క కాగితం చూసి తీర్పు చెప్పలేం. ఒకే పెట్టెలోని రెండు తూటాలు ఒకేలా పరుచుకోవు. సగటు ఇలా వచ్చింది. ఫుల్ 289, అంటే నూటికి 74. మాడిఫైడ్ 247, నూటికి 63. ఇంప్రూవ్డ్ సిలిండర్ 203, నూటికి 52. పాత లెక్క ప్రకారం ఫుల్‌కి 70, మాడిఫైడ్‌కి 60, ఇంప్రూవ్డ్ సిలిండర్‌కి 50 రావాలి. ఈ తుపాకీ ప్రతి గాటు దగ్గరా కాస్త బిగువుగానే కొడుతోంది. తప్పేమీ లేదు, మంచి బారెళ్లు.

ఇక్కడితో ఆగిపోయేవాళ్లు చాలామంది. నూటికి 74 చూసి “ఫుల్ బాగుంది” అనుకుంటారు. 40 గజాలు కొలతకు పెట్టుకున్న దూరం మాత్రమే. మన పిట్ట అక్కడ ఉందా? ఆ ప్రశ్నకు జవాబు కాల్చి చూసే రేంజ్‌లో లేదు, చేనులో ఉంది.

కోల్‌మన్ కౌంటీలో కుంట గట్టు

మరుసటి రోజు అతను వేటాడిన చోటికే తీసుకెళ్లమన్నాను. అబిలీన్‌కి దక్షిణంగా కోల్‌మన్ కౌంటీ. కోసేసిన పొద్దుతిరుగుడు చేను, పక్కన పశువులు నీళ్లు తాగే కుంట, గట్టు మీద వరుసగా మెస్క్విట్ చెట్లు. మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం ఇది. ఆ కాయలు, ఆ ముళ్లు చూస్తే ఒంగోలు రోడ్డు పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. గువ్వలు పొద్దుట గింజలకు చేనుకొస్తాయి, సాయంత్రం నీళ్లకు కుంటకొస్తాయి. ఇతను కూర్చున్నది కుంట దగ్గర, బకెట్ బోర్లించుకుని.

“అదిగో, ఆ చెట్టు మీదుగా వచ్చేవన్నా. నలభై గజాలుంటుంది.”

దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ పెట్టి చూపించాను. 24.

నమ్మలేదు. అడుగులేసి కొలిచాడు. 24 వచ్చింది. తర్వాత కంచె గుంజ, దాని పక్క రాయి, కుంట అవతలి గట్టు, అన్నీ కొలిచాం. అతను కాల్చిన దెబ్బల్లో చాలామటుకు 18కీ 26కీ మధ్యే. ఖాళీ ఆకాశంలో చిన్న పిట్ట దూరంగా కనిపిస్తుంది, పోల్చుకోవడానికి పక్కన ఏమీ ఉండదు. నాకు తెలిసినంతలో కొత్తవాళ్లు దూరాన్ని ఎక్కువగా అంచనా వేస్తారు, అందుకే చోక్ బిగువుగా ఎంచుకుంటారు. ఇతను పొరపాటున ఎంచుకున్నా, గాట్లు సరిగా చదివుంటే కూడా “నలభై గజాలు కదా” అని మాడిఫైడ్ వేసుకుని ఉండేవాడు.

మళ్లీ రేంజ్‌కి వచ్చి, ఈసారి 22 గజాల దగ్గర కాగితం బిగించాం. ఫుల్ దెబ్బకు గుండ్లు దాదాపు అన్నీ 18 అంగుళాల లోపలే పడ్డాయి. నడుమ కాగితం చిరిగి వేలాడింది. ఇంప్రూవ్డ్ సిలిండర్‌తో 28 అంగుళాలు పరుచుకున్నాయి. 18కీ 28కీ తేడా చిన్నదిగా వినిపిస్తుంది గానీ, వైశాల్యంలో చూస్తే దాదాపు రెండున్నర రెట్లు.

నేనెప్పుడూ చేసే పని ఒకటుంది. ఒక పలచటి ప్లాస్టిక్ షీటు మీద గువ్వ ఒళ్లు, అంటే రెక్కలు తోక కాకుండా గుండెకాయ, ఊపిరితిత్తులు ఉండే భాగం, అసలు సైజులో గీసి ఉంచుకుంటాను. అరచేయంత కూడా ఉండదు. దాన్ని కాగితం మీద అటూ ఇటూ జరిపి, ఎక్కడ పెడితే ఎన్ని చిల్లులు లోపల పడతాయో చూస్తాను. ఫుల్ కాగితం నడుమ పెడితే పాతిక దాకా చిల్లులు. అదే అతని జల్లెడ పిట్ట. అక్కడి నుంచి 11 అంగుళాలు పక్కకు జరిపితే ఒకటి, లేదంటే సున్నా. ఆ ఒకటే గడ్డిలోకి పోయిన పిట్ట. ఇంప్రూవ్డ్ సిలిండర్ కాగితం నడుమ ఆరు నుంచి పది, 11 అంగుళాలు జరిపినా రెండు నుంచి నాలుగు. షీటును అతని చేతికే ఇచ్చాను. చాలాసేపు జరుపుతూనే ఉన్నాడు.

పిట్ట గంటకు 40 మైళ్ల వేగంతో అడ్డంగా పోతుంటే, గుండ్లు 22 గజాలు దాటేలోపు అది సుమారు మూడున్నర అడుగులు జరుగుతుంది. ఆ మూడున్నర అడుగులు ముందుకు కాల్చాలి. కొత్త చేయి ఒక అడుగు అటూ ఇటూ పోవడం మామూలు. 28 అంగుళాల వల ఆ అడుగును చాలావరకు కాస్తుంది, 18 అంగుళాలది కాయదు.

అలాగని నాలుగు గాట్లకు హద్దు లేదని కాదు. ఇదే చోక్ 40 గజాల కాగితం మీద అదే షీటు పెడితే సగటున మూడు చిల్లులు, కొన్నిచోట్ల ఒక్కటే. అందుకే 30 గజాల దగ్గర నారింజ రంగు జెండాలు పాతించాను. జెండా దాటిన పిట్టకు తుపాకీ ఎత్తకూడదు. ఈ షరతు చోక్ మార్చడంకంటే ముఖ్యమని అప్పుడే చెప్పాను.

రెండు శనివారాలు క్లేలు, అంటే గాల్లోకి విసిరే మట్టి బిళ్లలు, కొట్టించాను, ముఖ్యంగా ట్రిగ్గర్ లాగాక కూడా బారెల్ ఆపకుండా ఊపు కొనసాగించడం. సెప్టెంబరు చివర్లో మళ్లీ అదే కుంటకు పోయాడు. కింద బారెల్లో నాలుగు గాట్లు, పైన మూడు. 41 తూటాలు, 13 పడ్డాయి, 12 దొరికాయి. రోజుకు 15 పరిమితి, దొరకనిదాన్ని కలుపుకున్నా దానికి రెండు తక్కువ. ఈ మార్పంతా చోక్ వల్లే అనలేను, క్లేల సాధన పాలు అందులో చాలా ఉంది. కానీ జల్లెడైన పిట్ట ఒక్కటీ లేదు. అది మాత్రం చోక్ పనే.

నా పొరపాటు

ఆ రోజు సంతోషంలో “ఇక నాలుగు గాట్లే నీ చోక్” అన్నాను. ఆ “ఇక” అనే మాట నేను అనకుండా ఉండాల్సింది.

డిసెంబరులో అతను స్నేహితులతో సౌత్ డకోటా పోయాడు, కోడి జాతి అడవి పిట్ట ఫెజెంట్ పుంజుల వేటకు. అక్కడ రోజుకు మూడు పుంజులే, పెట్టను కొట్టకూడదు. నన్నడగలేదు, అడగాల్సిన అవసరం ఉందని నేను చెప్పలేదు కాబట్టి. రెండు బారెళ్లలోనూ నాలుగు గాట్లు బిగించుకుని, ఆరో నంబరు స్టీలు తూటాలు పెట్టుకుని పోయాడు. నడిచిన నేల వాటర్‌ఫౌల్ ప్రొడక్షన్ ఏరియా, అంటే నీటిపక్షుల కోసం ఫెడరల్ ప్రభుత్వం ఉంచిన నేల. అక్కడ సీసం నిషిద్ధం, స్టీలు లాంటివే వాడాలి. అంతవరకు చట్టం చూసుకునే పోయాడు.

అక్టోబరు పుంజు కాళ్ల దగ్గర లేస్తుంది. డిసెంబరు పుంజు రెండు నెలలుగా తుపాకీ మోతలు విని బతికినది. కారు తలుపు చప్పుడుకే తుంగలోంచి పరుగు తీసి, 35, 40 గజాల అవతల లేస్తుంది. కిలో దాటిన బరువు, చలికాలపు ఈకల మందం, పైగా మనవైపు వీపు పెట్టి ఎగురుతుంది. మూడింటిని కొట్టాడు, మూడూ పడ్డాయి. ఒకటి దొరికింది. రెండు రెక్క విరిగి తుంగలోకి పరుగెత్తాయి. వెంట కుక్క లేదు. ఆ రాత్రి ఫోన్లో అతను తుపాకీ అమ్మేస్తా అనలేదు. “అన్నా, మళ్లీ రెండు” అన్నాడు, అంతే.

తప్పు నాదే. గువ్వకు, 22 గజాలకు, సీసానికి ఇచ్చిన జవాబును నేను తుపాకీకి ఇచ్చినట్టు చెప్పాను.

జనవరిలో మళ్లీ కాగితాలు బిగించాం. ఈసారి పుంజు ఒళ్లు గీసిన షీటు. ఇక్కడ రెండు విషయాలు కలిసి దెబ్బతీశాయి. మొదటిది గుండు. స్టీలు సీసంకంటే బాగా తేలిక, ఆరో నంబరు స్టీలు గుండు 40 గజాలు పోయేసరికి ఆ ఈకలనూ కండనూ చీల్చి ఎముక దాకా దిగే సత్తువ మిగలదు. కాగితం మీద చిల్లులు పుష్కలంగా కనిపిస్తాయి, కాగితానికి ఈకలుండవు. ఏ చోక్ వేసినా గుండుకు బలం రాదు. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్లు 2008, 2009 సీజన్లలో కోల్‌మన్, దాని చుట్టుపక్కల కౌంటీల్లో గువ్వల మీద పరీక్ష చేసి, ఏడున్నర సీసం, ఏడు, ఆరు నంబర్ల స్టీలు ఒకేలా పనిచేశాయని తేల్చారు. అది గువ్వ. కిలో పైబడ్డ పుంజుకు ఆ ఫలితాన్ని మోసుకుపోకూడదు.

కాబట్టి మూడో నంబరు స్టీలుకు మారాం, 1⅛ ఔన్సులో 178 గుండ్లు. రెండోది చోక్. నాలుగు గాట్లతో 40 గజాల దగ్గర వృత్తంలో 98 పడ్డాయి, నూటికి 55. షీటు జరిపితే ఒకటో రెండో చిల్లులున్న ఖాళీలు చాలాచోట్ల కనిపించాయి. మూడు గాట్ల మాడిఫైడ్‌తో 127, నూటికి 71. అంకె చూసి కుర్రాడే అన్నాడు, “ఇది ఫుల్ లెక్క కదన్నా!” అవును. స్టీలు గట్టిది, బారెల్లో నలిగి వంకర పోదు, అందుకే విడిపోకుండా పోతుంది. సీసంతో మాడిఫైడ్ అయిన ట్యూబు ఈ స్టీలుతో ఫుల్ అయింది. ట్యూబు మీది పేరు ఇరుకును చెబుతుంది, ప్యాటర్న్‌ను చెప్పదు. పెద్ద స్టీలు గుండ్లను ఫుల్‌లోంచి కాల్చడం మాత్రం చేయించలేదు. చాలా ట్యూబులు అందుకు పనికిరావు, కొన్నిటి మీద ఆ హెచ్చరిక చెక్కే ఉంటుంది.

రెండు బారెళ్లలోనూ మూడు గాట్లు, మూడో నంబరు స్టీలు, హద్దు 40 గజాలు. లైసెన్సులో ఇంకో అయిదు రోజుల విడత మిగిలి ఉంది కాబట్టి నెలాఖరులో మళ్లీ పోయాడు, ఈసారి లాబ్రడార్ ఉన్న స్నేహితుడితో. రెండు రోజుల్లో తొమ్మిది తూటాలు, నాలుగు పుంజులు, నాలుగూ దొరికాయి. అందులో ఒకదాన్ని తుంగలో యాభై గజాలు వెంటాడి తెచ్చింది కుక్కే. అది లేకపోతే నేనిక్కడ మూడు అని రాయాల్సి వచ్చేది.

నా పద్ధతిలో మారింది ఒకటే. ఇప్పుడు ఎవరొచ్చి “ఏ చోక్ మంచిది?” అని అడిగినా, ముందు ఒక చీటీ ఇస్తాను. ఏ పిట్ట, ఏ నెల, ఏ నేల, కుక్క ఉందా, తూటా ఏది, పోయినసారి పడ్డవెన్ని దొరికినవెన్ని. అది నింపాకే తుపాకీ బల్ల మీద పెట్టనిస్తాను.

కుర్రాడు వచ్చే సెప్టెంబరుకు 20 గేజ్ కొన్నాడు, తేలికగా ఉంటుందని. దానిక్కూడా ట్యూబుల మీద గాట్లే ఉన్నాయి. “నాలుగు గాట్లు వేసేయనా అన్నా?” అని మెసేజ్ పెట్టాడు. ఆ బారెల్ వేరు, తూటాలో గుండ్లు తక్కువ. శనివారం పొద్దున ఏడింటికి పేపర్ రోల్, తూటాల పెట్టె తీసుకుని రమ్మన్నాను. గువ్వ షీటు నా దగ్గరుంది.